అర్థమైంది మేడం

ఉపాధ్యాయుల్ని తయారుచేసే ఆ కాలేజీలో, మూడో అంతస్తు చివరి గదిలో కూర్చునే మేడంకి విద్యార్థులు పెట్టిన పేరు ఆకుపచ్చ మేడం. ఆ పేరు ఆవిడకి తెలియదని వాళ్ల నమ్మకం. తెలియకేం, పెట్టిన కొత్తలోనే చెవిన పడింది. పైగా లోలోపల ముచ్చటపడింది కూడా. గది కిటికీలో తను పెంచుకుంటున్న రెండు మొక్కల్ని చూసి అభిమానంతో పెట్టారనుకుంది. అసలు సంగతి తెలిశాక ఆ మొక్కలకి నీళ్లు పోయడం కూడా కొన్నాళ్లు మానేసింది.

సంగతేమిటంటే, ఎర్ర సిరాతో దిద్దితే నేర్చుకునేవాళ్ల మనసు చిన్నబుచ్చుకుంటుందని ఆవిడ ఎక్కడో ఒక వ్యాసం చదివింది. చదివిన మర్నాడే ఎర్ర పెన్నులన్నీ ఆఫీసు గుమస్తాకి దానం చేసేసి, ఒక డబ్బా ఆకుపచ్చ పెన్నులు తెచ్చుకుంది. దిద్దడం మాత్రం తగ్గించలేదు. ఎర్ర సిరా రోజుల్లో కాస్త జాలి చూపించేది. ఆకుపచ్చ కదా, నొప్పి తెలియదులే అని ఇప్పుడు పేజీ నిండా గీయడం మొదలుపెట్టింది. రెండేళ్లు తిరిగేసరికి ఆ కాలేజీలో ఆకుపచ్చ సిరా చూస్తే గడ్డాలొచ్చినవాళ్లకి కూడా గుండెదడ పట్టుకునేది.

"భయం రంగులో లేదండీ, నాలో ఉంది" అని ఆవిడ భర్తతో అనేది. "నా జన్మలో పూర్తయిన పరిశోధన ఇదొక్కటే. దీనికి ఎవరూ నిధి కూడా ఇవ్వలేదు."

భర్తకి రంగుల కొట్టు ఉంది. గోడలకి వేసే రంగులు అమ్ముతాడు. "నా కొట్లో ఆకుపచ్చ డబ్బాలు కదలట్లేదు. కొనేవాళ్లంతా నీ పాత స్టూడెంట్లే అయ్యుంటారు" అనేవాడు.

నిధి మాట వచ్చింది కాబట్టి అదేమిటో చెప్పాలి. ఆ కాలేజీ ఏటా తన సొంత డబ్బులోంచి పరిశోధన కోసం ఒక చిన్న మొత్తం పక్కన పెడుతుంది. ఉన్నది ఒక్కరికే సరిపోతుంది. పాఠాలు చెప్పేవాళ్లూ, పరిశోధన చేసే విద్యార్థులూ అందరూ దానికోసమే ప్రతిపాదనలు రాసి ఇవ్వాలి. పెద్దవాళ్ల పేరు చూసి మొహమాటపడకుండా ఉండేందుకు ఆఫీసులో పేర్లు తీసేసి, నంబర్లు వేసి, ముగ్గురు సభ్యుల కమిటీకి ఇస్తారు. వాళ్లు చదివి మార్కులు వేస్తారు. అంతా అయ్యాక పేర్లున్న కవరు విప్పుతారు.

ఆకుపచ్చ మేడం ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచీ ఆ నిధికి దరఖాస్తు పెడుతూనే ఉంది. ఒక్కసారీ రాలేదు. వచ్చిందల్లా కమిటీ వాళ్లు రాసే ఒక ముక్క: "చాలా లోతైన ప్రతిపాదన. వచ్చే ఏడాది తప్పక పరిశీలించవచ్చు." ఆ 'లోతైన' అనే మాట చూసుకుని ఆవిడ మురిసిపోయేది. లోతు ఎక్కువైపోయి నిధి అందడం లేదు కాబోలనుకుని, మరుసటి ఏడు ఇంకొంచెం లోతుగా తవ్వేది.

ఈ ఏడు డీన్ గారు ఆవిణ్ని పిలిచి, "మిమ్మల్ని కమిటీలో వేస్తున్నానమ్మా" అన్నారు. కమిటీలో ఉన్నవాళ్లు దరఖాస్తు పెట్టుకోకూడదు. అంటే ఆవిడ ప్రతిపాదన చదివే బాధ ఆయనకి తప్పింది, నిరాశపడే బాధ ఆవిడకి తప్పింది. అన్నేళ్లు విస్తరి ముందు కూర్చోబెట్టి చివరికి గరిటె చేతికిచ్చారని ఆవిడ స్టాఫ్ రూములో తన మీద తనే జోకేసుకుంది. ఇంటికి వెళ్లాక మాత్రం అద్దం ముందు నిలబడి, కమిటీ మెంబరులా మొహం పెట్టి చూసుకుంది.

ఆవిడ దగ్గర అప్పటికి ఒకే ఒక పరిశోధక విద్యార్థిని ఉంది. మిగతావాళ్లు ఏదో ఒక సాకు చెప్పి వేరే మార్గదర్శుల దగ్గరికి జారుకున్నారు. ఈ అమ్మాయి మాత్రం ఉండిపోయింది. చిన్నబడిలో ఒకటో తరగతి టీచరు. జీతం లేని సెలవు పెట్టి పరిశోధనకి వచ్చింది. ఏం చెప్పినా కాదనేది కాదు, ఎన్నిసార్లు తిరగరాయమన్నా మొహం మాడ్చేది కాదు. అందుకని మేడం ఇంట్లో ఆ అమ్మాయిని 'మా బుద్ధిమంతురాలు' అని చెప్పుకునేది.

బుద్ధిమంతురాలికి సెలవు అయిపోవస్తోంది. కాలేజీ నిధి వచ్చిందంటే బడివాళ్లు సెలవు పొడిగిస్తారు, రాకపోతే బడి తెరిచేసరికి తరగతిలో ఉండాలి. మళ్లీ సెలవు అడగొద్దని హెడ్మాస్టరు ముందే తెగేసి చెప్పేశాడు. అంటే నిధి రాకపోతే ఆ అమ్మాయి పరిశోధన అటకెక్కినట్టే. దీని మీదే ఆశంతా పెట్టుకుంది పిల్ల. మేడంకి కూడా లోపల బెంగగానే ఉంది. ఉన్న ఒక్క శిష్యురాలూ వెళ్లిపోతే ఇంక దిద్దడానికి కిటికీలో మొక్కలే మిగులుతాయి.

ఏడాది కిందట ఆ అమ్మాయి మొదటిసారి గదికి వచ్చి, తను ఏం తెలుసుకోవాలనుకుంటోందో చెప్పడం మొదలుపెట్టింది. మేడం శ్రద్ధగా వినింది, అంటే పెన్ను మూత తీసేదాకా వినింది. ఆ తర్వాత మాట్లాడింది మేడమే. అప్పటినుంచీ ఆ అమ్మాయి ప్రతి తెస్తుంది, మేడం దిద్దుతుంది, దిద్దింది చూపించి పాఠం చెబుతుంది, చివర్లో "అర్థమైందా?" అంటుంది. "అర్థమైంది మేడం" అంటుంది పిల్ల. మళ్లీ వచ్చేసరికి చెప్పినవన్నీ ప్రతిలో ఉండేవి. ఇలా దిద్దగా దిద్దగా శీర్షిక చివరికి 'ప్రాథమిక స్థాయి అభ్యాసకుల గ్రహణ స్వయంనివేదనలో విశ్వసనీయతా చరాంశాల బహుముఖీన విశ్లేషణ' అయి కూర్చుంది. ఆ పేరు పైకి చదువుతుంటే మేడంకి ఒళ్లు పులకరించేది.

"ఇంక దీన్నెవరూ ఆపలేరమ్మా. వెళ్లి ఆఫీసులో ఇచ్చెయ్. అర్థమైందా?"

"అర్థమైంది మేడం."

కమిటీ ఫైళ్లు వచ్చిన రోజు సాయంత్రం, మేడం భోజనాల బల్ల మీద అన్నీ పరుచుకుని కూర్చుంది. భర్త పక్కన కూర్చుని కొట్టు లెక్కలు చూసుకుంటున్నాడు. మూడో నంబరు ఫైలు తెరవగానే ఆవిడ మొహం వెలిగిపోయింది. చరాంశాలు, బహుముఖీనత, విశ్వసనీయత అన్నీ వరసగా కొలువుదీరి ఉన్నాయి. ఒక వాక్యం పేజీ మొదట్లో బయల్దేరి పేజీ చివర్లో ఆగింది. శీర్షిక కాస్త వేరుగా ఉంది గానీ, చివరి నిమిషంలో పిల్ల ఇంకొంచెం మెరుగుపెట్టిందనుకుంది.

"ఇది మా అమ్మాయిదేనండీ!" అంది. "నా చెయ్యి తెలుస్తూనే ఉంది."

"మరి నువ్వు చదవకూడదేమో కదా?"

"చదవను. నాకు తెలుసు రూలు." ఆ ఫైలు మీద, ఇది తన విద్యార్థిని ప్రతిపాదన అనుకుంటున్నానని, దీనికి తను మార్కులు వేయనని రాసి, సంతకం పెట్టి పక్కన పెట్టింది. ఇంతటి నిజాయితీ ఈ రోజుల్లో ఎవరికుంటుందని తన భుజం తనే తట్టుకుంది. ఆ సంతోషంలో నాలుగో ఫైలు గబగబా చూసేసి, ఐదో నంబరు తీసింది.

ఐదో నంబరుకి శీర్షికే సరిగా లేదు. 'తలూపే పిల్లలు' అని మాత్రం ఉంది. మేడం పెదవి విరిచింది. పెన్ను మూత మీద చెయ్యి వేసి చదవడం మొదలుపెట్టింది.

'నేను పాఠం చెప్పాక అర్థమైందా అని అడుగుతాను. పిల్లలంతా తలూపుతారు. ఒక బాబు మాత్రం పక్కవాడు ఊపాక ఊపుతాడు. ఆ కాస్త ఆలస్యంలో వాడి మనసులో ఏం జరుగుతుందో నాకు తెలుసుకోవాలని ఉంది. వాడికి అర్థం కాలేదని వాడికి తెలుసు. అయినా నన్ను సంతోషపెట్టడానికి ఊపుతున్నాడు.'

మేడం పెన్ను మీది చెయ్యి తీసేసింది. ఆ రాసినవాళ్లు ఎవరో గానీ, ఒక బడిలో ఒకటో తరగతి వెనక బల్ల మీద పిల్లల మధ్య కూర్చుంటారట. పిల్లలు ఎప్పుడు తలూపుతున్నారో చూస్తారట. ఆటల సమయంలో టీచరాట ఆడుతూ, ఆ పాఠమే తమకి చెప్పమని పిల్లల్ని అడుగుతారట. పిల్లలు చెప్పగలిగిందే వాళ్లకి అర్థమైంది. తలూపిన పిల్లల్ని పట్టుకోవడం కాదు తన పని, అర్థం కాలేదని చెప్పడానికి వాళ్లు భయపడకుండా ఉండాలంటే టీచరు ఎలా మసలుకోవాలో వెతకడమే తన పని అని చివర్లో రాశారు.

చదవడం అయ్యేసరికి మేడంకి కళ్లు చెమర్చాయి. ఒక్క గీత గీయలేదు. తన జీవితంలో ఎవరికీ వేయనట్టు నూటికి నూరు వేసింది. కింద ఇలా రాసింది: 'దీనికి మార్గదర్శి ఎవరో గానీ, ఈ పరిశోధకుల ఆలోచనని చెడగొట్టకుండా, చెయ్యి పెట్టకుండా వదిలేసినందుకు వారికి చేతులెత్తి మొక్కాలి.'

ఒకటో తరగతి టీచర్లు ఆ కాలేజీలో చాలామందే చదువుతున్నారు కాబట్టి ఆవిడకి ఏ అనుమానమూ రాలేదు. పైగా తన పిల్ల ప్రతిపాదన పక్కన భద్రంగా ఉందాయె.

కమిటీ సమావేశం డీన్ గారి గదిలో. బల్ల మీద అద్దం, అద్దం కింద పాత గ్రూపు ఫోటోలు, ఆ ఫోటోల్లో అందరికంటే సన్నగా ఉన్నది డీన్ గారే. మూడో సభ్యుడు లెక్కల మాస్టారు. లెక్కలు ఎలా చెప్పాలో చెప్పే మనిషి. కాలేజీ నియమాల పుస్తకం ఎప్పుడూ చంకలో పెట్టుకుని తిరుగుతాడు. దాన్ని తెరవగా ఎవరూ చూడలేదు, ఎందుకంటే మొత్తం కంఠతా వచ్చు.

మార్కులు కూడి సగటు తీశారు. ఐదో నంబరు మొదట వచ్చింది, మూడో నంబరు రెండోది. డీన్ గారు కవరు చించి, పేర్ల కాగితం తీసి, ఒకసారి చదువుకుని, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదువుకున్నారు.

"ఐదో నంబరు మీ అమ్మాయిదేనమ్మా" అన్నారు.

"కాదండీ, మూడోది మా అమ్మాయిది."

"మూడోది మీ పక్క గది లెక్చరర్‌ది. మీ పాత స్టూడెంటు. ఐదోది మీ దగ్గర చేస్తున్న అమ్మాయిది. ఇదిగో, మార్గదర్శి పేరు కూడా ఉంది. మీ పేరే."

లెక్కల మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"మార్గదర్శి తన విద్యార్థి ప్రతిపాదన చదవకూడదు. చదివి మార్కులు వేస్తే దాన్ని పక్కన పెట్టాలి. రూలు" అన్నాడు.

"నాకు తెలీదు మాస్టారూ, నిజంగా!"

"అదెలా మేడం? ఎవరిదో ఫైలు మీ అమ్మాయిదని తప్పుకున్నారు. మీ అమ్మాయిది చదివి నూటికి నూరు వేశారు. బయటివాళ్లు వింటే ఏమనుకుంటారు? ఏడాదంతా మీరే కదా దిద్దింది? ఆ అమ్మాయి ఏం రాసిందో మీకే తెలీదంటే నమ్మేదెవరు?"

ఆవిడకి ఒకేసారి రెండు దారులు కనబడ్డాయి. ఒకటి, తెలిసే చేశానని ఒప్పుకుని దొంగ అనిపించుకోవడం. రెండోది, శిష్యురాలు ఏం చేస్తోందో తెలియని మార్గదర్శిని నేనని ఒప్పుకోవడం. ఆ క్షణంలో దొంగతనమే కాస్త గౌరవంగా అనిపించిందని ఆవిడే తర్వాత చెప్పింది. కానీ ఏది ఒప్పుకున్నా ముందు పిల్ల నిధి పోతుంది. తను మెచ్చుకోవడం వల్లే పోతుంది. తిట్టి ఉన్నా బాగుండేది.

"రేపు ఉదయం తేలుద్దాం" అని డీన్ గారు లేచారు.

బుద్ధిమంతురాలు మూడో అంతస్తు మెట్ల దగ్గరే నిలబడి ఉంది, సంగతేమైనా తెలుస్తుందేమోనని. మేడం ఆ అమ్మాయిని గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది.

"ఏమ్మా, నిధికి ఏం ఇచ్చావు నువ్వు?"

పిల్ల మొహం తెల్లబోయింది. చున్నీ అంచు వేలికి చుట్టుకుంది.

"నేను మొదట్లో మీకు చెప్పిందే మేడం."

"మరి మనం రాసింది?"

"అది కూడా మొత్తం రాశాను మేడం. ఇద్దామనే అనుకున్నా. ఆ రోజు పొద్దున మా అక్క అడిగింది, ఏడాది నుంచీ ఏదో రాస్తున్నావు, దేని గురించే అని. చదివి వినిపించా. అయితే దేని గురించి అంది మళ్లీ. చెప్పలేకపోయా మేడం. రాసింది నేనే, నాకే తెలీలేదు."

"ఆ ముక్క నాతో చెప్పొచ్చు కదా!"

పిల్ల వేలికి చుట్టిన చున్నీ అంచు విప్పింది. తర్వాత చాలా మెల్లగా, "మీరు అర్థమైందా అని అడిగేవారు కదా మేడం" అంది.

"అయితే?"

"అర్థమైంది అనేదాన్ని."

ఎగతాళి ఏమీ లేదు ఆ గొంతులో. మేడం నొచ్చుకుంటుందేమోనన్న భయం మాత్రమే ఉంది. అదే మేడంకి ఎక్కువ తగిలింది. పక్కవాడు ఊపాక తలూపే బాబు గురించి చదివి కన్నీళ్లు పెట్టుకున్న మనిషి, ఏడాది పాటు తన ఎదురుగా కూర్చుని తలూపిన పిల్లని చూడలేకపోయింది. ఇంత పెద్ద తల ఉండి ఏం లాభమని తనని తను తిట్టుకుంది. మొదటి రోజు ఈ పిల్ల ఏం చెప్పిందో గుర్తు తెచ్చుకుందామని చూసింది. ఆ రోజు కొత్త పెన్ను ఎంత నున్నగా రాసిందో గుర్తొచ్చింది గానీ, పిల్ల చెప్పింది మాత్రం ఒక్క ముక్క గుర్తు రాలేదు.

"నేను దిద్దిన కాగితాలు ఉన్నాయా, పారేశావా?"

"అన్నీ ఉన్నాయి మేడం. పారేయాలంటే భయమేసింది."

"రేపు పొద్దున్నే పట్రా."

ఆ రాత్రి భోజనాల దగ్గర భర్తకి అంతా చెప్పింది. ఓదారుస్తాడనుకుంది. నవ్వాపుకోలేక నీళ్లు తాగబోయిన ఆయనకి పొలమారింది.

"నవ్వుతారేంటండీ! రేపు అందరి ముందూ నా పరువు పోతోంది."

"అది కాదే. నీ పాఠం విని తలూపేది నీ స్టూడెంట్లే అనుకున్నావా? పెళ్లయినప్పటి నుంచీ నేను చేస్తోంది అదేగా!"

ఆవిడకి ముందు ఒళ్లు మండింది. తర్వాత, బోధనా సిద్ధాంతాల గురించి తను గుక్క తిప్పుకోకుండా చెబుతుంటే ఈయన ఎంత శ్రద్ధగా తల ఆడించేవాడో గుర్తొచ్చి తనకీ నవ్వొచ్చింది. నవ్వుతూనే కాస్త ఏడ్చింది కూడా.

మర్నాడు డీన్ గారి బల్ల మీద ఒక కాగితాల కట్ట పెట్టింది. పైనుంచి కిందిదాకా ఆకుపచ్చగా ఉంది.

"మాస్టారూ, ఐదో నంబరు నాకు తెలిసి ఉండదని రుజువు చేస్తాను. ఇవి నేను ఏడాది పాటు దిద్దినవి. ఇందులో నాది ఒక్క ముక్కైనా ఐదో నంబరులో ఉంటే దాన్ని పక్కన పెట్టెయ్యండి. ఆ అమ్మాయి రాసింది, నేను దిద్దింది, రెండూ చదువుతాను."

అని మొదలుపెట్టింది.

"పిల్లలు తలూపుతారు, అని రాసింది. నేను దిద్దింది: తలూపడం వీధి భాష. శిరశ్చాలన రూప అంగీకార సూచన అని రాయాలి."

డీన్ గారు అద్దం కింది ఫోటోల్లోకి చూడసాగారు.

"బాబుకి భయమేసింది, అని రాసింది. నేను: భయాన్ని కొలవలేం. ప్రతికూల భావోద్వేగ స్థితి అనాలి. ఆటల సమయంలో పిల్లలతో మాట్లాడతాను, అంది. నేను: ఆటలెందుకు? తీసెయ్. ప్రశ్నావళి పెట్టు. నాకు అనిపించింది, అంది. నేను: నీకేం అనిపించిందో ఎవరడిగారు?"

లెక్కల మాస్టారి భుజాలు కదులుతున్నాయి. దగ్గు వస్తోందేమో అనుకుంది మేడం. కాదు, నవ్వాపుకుంటున్నాడు. ఆవిడకీ నవ్వొచ్చింది. తను రాసిందే అయినా, ఇంత ఘోరంగా రాసిన మనిషి ఎక్కడైనా ఎదురుపడితే బాగుండుననిపించింది. అలా నవ్వుతూ కట్ట అడుగున ఉన్న మొట్టమొదటి ప్రతి తీసి చదవబోయి ఆగిపోయింది.

"చదవండమ్మా" అన్నారు డీన్ గారు.

"ఒక బాబు మాత్రం పక్కవాడు ఊపాక ఊపుతాడు. ఆ కాస్త ఆలస్యంలో వాడి మనసులో ఏం జరుగుతుందో నాకు తెలుసుకోవాలని ఉంది."

అది ఐదో నంబరులోని మాటే. పొల్లు కూడా మారలేదు. దాని మీద ఈ మూల నుంచి ఆ మూలకి ఆకుపచ్చ గీత ఉంది. కాగితం చిరిగేంత గట్టిగా గీసింది.

"దీని పక్కన నేనేం రాశానంటే," అంది మేడం. "ఇది కథ. పరిశోధన కాదు."

కొట్టేసినవాటిని గుర్తుపెట్టుకునే అలవాటు ఆవిడకి ఎప్పుడూ లేదు. ఏడాది కిందట తన చేత్తో కొట్టేసిన మాటకే, మొన్న అదే చేత్తో నూటికి నూరు వేసింది.

లెక్కల మాస్టారు నవ్వడం ఆపేశాడు. "మీకు తెలీదన్నది ఒప్పుకుంటాను మేడం, ప్రతిపాదన పక్కన పెట్టక్కర్లేదు" అన్నాడు. "కానీ రూలు రూలే. మీ మార్కులు లెక్కలోకి రావు. అవి తీసేస్తే మూడో నంబరు పైకొస్తుంది. దానికి మేమిద్దరం బాగానే వేశాం."

మేడం కాగితాలు కింద పెట్టి అతని వంక చూసింది.

"మాస్టారూ, మూడో నంబరు దేని గురించండీ?"

"దేని గురించేముంది... చాలా లోతైన ప్రతిపాదన" అన్నాడు మాస్టారు.

డీన్ గారు తలూపారు. మాస్టారు ఊపాక ఊపారు. కొంచెం ఆలస్యంగా.

ఆ ఆలస్యం మేడం చూసింది. ఆయన్ని పట్టుకోవాలని ఆవిడకి అనిపించలేదు. ఆ మాట ముందు తనే అనేస్తే వాళ్లకి సులువవుతుందనిపించింది.

"నాకు అర్థం కాలేదండీ" అంది. "నిన్న రాత్రి మూడో నంబరు తీసి మొదట్నించి చివరిదాకా చదివా. అందులో వాక్యాలన్నీ నేను నేర్పినవే. ఆ కుర్రాడు నా క్లాసులో నేర్చుకుని నాలాగే రాశాడు. నేర్పింది నేనే, నాకే ఒక్క ముక్క అర్థం కాలేదు."

లెక్కల మాస్టారు నియమాల పుస్తకం బల్ల మీద పెట్టేసి కుర్చీలో వెనక్కి వాలాడు.

"అమ్మయ్య" అన్నాడు. "నాకూ కాలేదు మేడం. డీన్ గారికి అర్థమై ఉంటుందని మార్కులు వేశా."

"నాకెక్కడ అర్థమైందయ్యా?" అన్నారు డీన్ గారు. "నువ్వు తలూపుతుంటే, సరే, నీకు తెలిసే ఉంటుందని..."

"మరి ఏటా నా ప్రతిపాదనల మీద కూడా లోతైనవని రాసేవారు!" అంది మేడం.

డీన్ గారు నీళ్లు నమిలారు. లెక్కల మాస్టారు ఫోటోల్లో డీన్ గారిని వెతకసాగాడు. అన్నేళ్లుగా తను తవ్వుకుంటూ పోయిన లోతు ఎంతో మేడంకి అప్పుడు తెలిసింది.

చివరికి మేడం మార్కులు కొట్టేశారు. ఆవిణ్ని బయటికి పంపి, మిగతా ఇద్దరూ రెండు ప్రతిపాదనలూ మళ్లీ చదివి, ఈసారి ఒకరి మొహం ఒకరు చూడకుండా మార్కులు వేశారు. నిధి 'తలూపే పిల్లలు'కి వచ్చింది. ఆకుపచ్చ మేడంని మళ్లీ కమిటీలో వేయకూడదని కూడా అప్పుడే తీర్మానించారు. దానికి అందరికంటే ముందు చెయ్యెత్తింది లెక్కల మాస్టారే అయినా, సాయంత్రం టీ ఆయనే ఇప్పించాడు. మార్గదర్శికి చేతులెత్తి మొక్కాలని మేడం రాసిన ముక్క మాత్రం ఫైల్లోనే ఉండిపోయింది. తీసేద్దామంటే రూలు ఒప్పుకోదట. పక్క గది లెక్చరర్‌ని మేడం తనే వెళ్లి పిలిచి కూర్చోబెట్టి, "నేను నేర్పిందంతా మర్చిపో నాయనా" అంది. అతను తలూపాడు. ఆవిడకి భయమేసింది.

బడి వాళ్లు సెలవు పొడిగించారు. బుద్ధిమంతురాలు వెనక బల్ల మీద కూర్చోవడం మొదలుపెట్టింది. కొన్ని వారాలయ్యాక, చూసినవన్నీ రాసుకుని మేడం గదికి వచ్చింది. పిల్లలకి అర్థమైందో లేదో తేల్చడం అనుకున్నంత సులువుగా లేదని, కొందరు, ముఖ్యంగా ఒక బాబు, టీచరాటలో కూడా టీచరు మాటలే చిలక పలుకుల్లా అప్పజెబుతున్నారని చెప్పింది. ఏం చెయ్యాలో తోచడం లేదంది.

మేడం చేతులు రెండూ బల్ల మీద పెట్టుకుని, చివరిదాకా వినింది. పెన్ను సొరుగులో ఉంది. వినడం ఇంత కష్టమైన పనని అప్పటిదాకా తెలియదు, రెండుసార్లు నాలుక కరుచుకుంది. అంతా విన్నాక మాత్రం ఆగలేకపోయింది. పాత అలవాటు ఎక్కడికి పోతుంది? ఒక సిద్ధాంతం ఎత్తుకుని, దానికి ఇంకోటి తగిలించి, పిల్లల్ని మూడు రకాలుగా విడగొట్టి, ఒక్కో రకానికీ ఒక్కో కారణం చెప్పి, గుక్క తిప్పుకుని, నోరు జారి అనేసింది.

"అర్థమైందా?"

ఆ అమ్మాయి తల కదలబోయింది. తల సగంలో ఆగిపోయింది. కిటికీలో మొక్కల వంక చూసింది, తన కాగితాల వంక చూసింది, తర్వాత మేడం కళ్లలోకి చూసింది.

"లేదు మేడం" అంది.

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ జవాబు ఆవిడకి ఎవరూ ఇవ్వలేదు. ముందు చురుక్కుమంది. ఆ వెంటనే, ఏ నిధి వచ్చినా ఇంత సంతోషం కలగదనిపించింది.

"నాకూ లేదులే" అంది మేడం, కుర్చీ పక్కకి జరుపుతూ. "ఇటొచ్చి కూర్చో. ఆ బాబు ఏమన్నాడో మళ్లీ మొదట్నించి చెప్పు."